లోపలి కుట్లు

మా వదిన పనితనం గురించి అడిగితే వీధిలో ఎవరైనా ముందు ఒక మాటే చెబుతారు. పెళ్ళికూతురి జాకెట్టు కుడితే లోపల రెండు కాన్పులకి సరిపడా గుడ్డ వదులుతుంది. ఒళ్ళు చేసినప్పుడల్లా ఓ వరస కుట్టు విప్పుకుంటే చాలు, జాకెట్టు మళ్ళీ పడుతుంది. "ఆడదాని ఒళ్ళు పెరిగేదే గానీ తరిగేది కాదమ్మాయ్, ముందే చోటుంచాలి," అని పకపకా నవ్వేది. ఆమె ఒళ్ళూ భారీ, నవ్వూ భారీ.

మా అన్నయ్య పోయాక ఏళ్ళ తరబడి ఆ మిషనే తొక్కింది. పిల్లల్లేరు. యాభై దాటాక ఒక సంబంధం వచ్చింది. పరాయి దేశంలో స్థిరపడ్డ మనవాడే. బీమా ఆఫీసులో చేసి రిటైరయ్యాడు, భార్య పోయింది. ఒక పొద్దున గుండె ఆగి హఠాత్తుగా పోయిందని చెప్పాడు. గట్టిగా తుమ్మడం కూడా రానట్టుండే మనిషి ఆయన. "ఈ వయసులో ముచ్చట్లేమిటి" అన్నవాళ్ళతో నేను వీధిలో నిలబడి పోట్లాడాను. ఆడపడుచే దగ్గరుండి వదినకి పెళ్ళి చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆవిడకీ ఒక తోడుండాలనుకున్నాను, అందులో తప్పేముంది?

వెళ్ళిన కొత్తలో ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసి ఇల్లు చూపించేది. తెల్లటి గోడలు, ఒక్క గరిటె కూడా బయటకి కనపడని వంటిల్లు, గట్టు మీద చిన్న తూకం.

"ఇదేంటి వదినా, కిరాణాకొట్టు పెట్టారా?"

"మీ కొత్తన్నయ్య బియ్యం తూచి ఇస్తారే. ఈ వయసులో మితం ముఖ్యమట. సరుకుల అల్మరా తాళం కూడా ఆయన దగ్గరే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నవ్వు రాలేదు. అత్తగారు కోడలికి తాళం వేసిన ఇళ్ళు చూశాను గానీ, మొగుడు పెళ్ళానికి తిండి తూచే ఇల్లు ఎక్కడా చూడలేదు.

కొన్నాళ్ళకి మొదటావిడ బీరువా తెరిచి ఇచ్చాడట. వృథా చేయడమెందుకు, పని తెలిసినదానివేగా, సరిచేసుకుని కట్టుకో అన్నాడట. వదినకి అలాంటి పట్టింపుల్లేవు. జాకెట్లు వదులు చేసుకుందామని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఒకటి తిరగేసి నాకు ఫోన్‌లో చూపించింది.

"చూడు. మనవైపు దర్జీ పనే, లోపల బోలెడు గుడ్డ వదిలాడు. కానీ ఈవిడ ఒక్కసారీ విప్పుకోలేదే. బిగించుకుంటూ పోయింది."

నిజమే. అంచు దగ్గర మిషన్ కుట్టు, దాని లోపల ఇంకో వరస, ఇంకా లోపల చేతికుట్టు. చివరి వరస తెల్ల గుడ్డ మీద నల్ల దారంతో వంకరటింకరగా ఉంది. సూది పట్టే ఓపిక కూడా లేని చెయ్యి కుట్టిన కుట్టు. ఒకటి కాదు, ప్రతి జాకెట్టూ అంతే.

"హఠాత్తుగా పోయిందన్నారు కదా వదినా?" అన్నాను.

"అదే ఆయన్ని అడుగుతా ఉండు. పాపం ఏం జబ్బో!"

అడగొద్దు అనేలోపు ఫోన్ పెట్టేసింది. బట్టలో తేడా కనిపిస్తే ఇచ్చినవాళ్ళనే అడగడం ఆవిడకి అలవాటు. కొట్టు దగ్గర అది మంచి అలవాటే. ఇక్కడ అదే కొంప ముంచింది.

ఆయన కసరలేదట, అరవలేదట. "నువ్వు గుడ్డలు చూసుకో, మనుషుల గురించి ఊహించుకోకు," అని మెల్లగా చెప్పాడట. మర్నాటికి కుట్టుమిషను, బీరువా తాళం, వదిన పాస్‌పోర్టు ఆయన గదిలోకి చేరాయి. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే.

ఆ తర్వాత మాట్లాడినప్పుడల్లా ఆయన పక్కనే కూర్చునేవాడు. ఒక్కసారే, ఎలా దొరికిందో ఫోను, వంటింట్లోంచి చేసింది. "అమ్మాయ్, ఆకలేస్తోందే," అంది గుసగుసగా. వీధిలో ఎవరొచ్చినా కంచం పెట్టిన మనిషి. నాకు ఏడుపు ఆగలేదు. వచ్చెయ్ వదినా అంటే, "తలుపు తాళం ఆయన దగ్గర. భాష రాదు. ఎవర్నడగను?" అంది.

వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని అక్కడి పోలీసులకి ఫిర్యాదు చేయించాను. వచ్చారట. వదిన ఏడ్చుకుంటూ తెలుగులో అంతా చెప్పింది. దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది ఆయనే. ఇల్లు గుర్తొచ్చి బెంగపెట్టుకుందని చెప్పి ఉంటాడు, వాళ్ళు ఓదార్చి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం నాతో, "నీకు మీ వదినంటే ఎంత ప్రేమమ్మా!" అన్నాడు నవ్వుతూ. నేను బెదరలేదని చెప్పను.

నేనే వెళ్ళి తీసుకురావాలని వీసాకి పెట్టాను. ఇదిగో అదిగో అంటున్నారు. వదినతో పైకి చెప్పలేను, ఆయన వింటుంటాడు. ఒకరోజు ఆవిడే అంది:

"అమ్మాయ్, నాకు జాకెట్లు కుట్టించి పంపు. నీ దగ్గరున్న ఆది జాకెట్టు పాతది, పనికిరాదు. కొలతలు చెబుతా రాసుకో. ఛాతీ ముప్ఫై ఆరు."

వెళ్ళేటప్పుడు నలభై రెండు. నేను అంకె రాసుకున్నాను. పక్కన ఆయన పేపరు చదువుకుంటున్నాడు, ఆడవాళ్ళ గోల మనకెందుకన్నట్టు.

ఆపై ప్రతి ఆదివారం అదే మాట. "ఇంకా కుట్టించలేదా? రాసుకో మళ్ళీ. ముప్ఫై అయిదు." తర్వాత ముప్ఫై నాలుగు. ఆ లెక్క మా ఇద్దరికే తెలుసని ధైర్యంగా ఉండేది. వీసా ఆఫీసు గుమ్మం అరిగేలా తిరిగాను. తిట్టాను, బతిమాలాను. వచ్చే వారం తప్పకుండా అన్నారు.

నిన్న ఆదివారం. ఫోన్ ఆయనే ఎత్తాడు. వదిన పడుకుందట, లేవలేకపోతోందట.

"ఏం దిగులు పడకమ్మా," అన్నాడు. "నువ్వు కొలతల కోసం చూస్తుంటావని టేపు పెట్టి నేనే తీశాను. రాసుకో. ముప్ఫై ఒకటి."