చూడకుండా రాసిన ‘బాగుంది’

నా చిన్నప్పుడు రాజోలు కాలవలో మొసలి వీపెక్కి బడికి వెళ్లేదాన్నని మా అంగన్‌వాడీ పిల్లలకు ఇప్పటికీ చెబుతుంటాను. వాళ్లు నమ్మరు, అయినా కదలకుండా వింటారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మొసలి లేదు. ఇదీ అలాంటి కోతే అయితే బాగుండునని చాలాసార్లు అనిపించింది.

మా పెదనాన్నగారు బొగ్గు గనిలో చాలా ఏళ్లు పనిచేసి, ఊపిరి సగం అక్కడే వదిలేసి ఊరికి వచ్చేశారు. గనిలో దుమ్ము ఆపే మాస్కులిచ్చేవారట. వాటికో రిజిస్టరు. ఎవరి మాస్కు ముఖానికి సరిగా పట్టింది, లోపలి వడపోత గుడ్డ ఎప్పుడు మార్చారు, అన్నీ అందులో రాయాలి. గుమస్తా ఎవరి ముఖమూ చూడకుండానే అందరికీ ‘బాగుంది’ అని రాసుకుపోయేవాడు. పెదనాన్నగారు చదవకుండా సంతకం పెట్టేవారు. చివరికి ఆయాసం ముదిరి గని డాక్టరు దగ్గరకు వెళ్తే, ఆయన రిజిస్టరు తిరగేసి, మీ మాస్కు ఎప్పుడూ బాగానే ఉంది కదా, ఇది గని దుమ్ము జబ్బెలా అవుతుందన్నాడట.

ఎనభైల మొదట్లో మా ఊరి కొబ్బరి పీచు మిల్లులో, దుమ్ముకు దూరంగా పీచు ఆరబెట్టే చోట ఆయనకు మేస్త్రీ పని దొరికింది. పెదనాన్నగారే యజమాని వెంటపడి మాస్కులు తెప్పించారు. నోటుబుక్కు తానే కుట్టారు. శనివారం శనివారం మిషన్ల దగ్గర ఆడవాళ్ల మాస్కులు చూసి రాసే పని, చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు అప్పగించారు.

రెండు వారాలు బుద్ధిగా చూశాను. మూడో వారం నుంచి మిల్లు గుమ్మంలోనే కూర్చుని పేజీ అంతా ‘బాగుంది’తో నింపేసి తొక్కుడుబిళ్లకు పరిగెత్తేదాన్ని. మొసలి కథ లాంటివి అన్నన్ని అల్లేదాన్ని, నాకు ఆ ఒక్క ముక్క ఎంతసేపు!

పీచు మిషను దగ్గర పనిచేసే పక్కింటి అక్కకు దగ్గు పట్టుకుంది. వడపోత గుడ్డ చిరిగింది, వేరే మాస్కు ఇప్పించండని యజమానిని అడిగింది. ఆయన నోటుబుక్కు తెరిచాడు. ‘బాగుంది’ అని ఉంది. వంకలు మాని పని చూసుకోమన్నాడు.

ఆ సాయంత్రం పెదనాన్నగారు అక్క మాస్కు పట్టుకుని ఇంటికొచ్చారు.

“ఇది చూసే రాసేవా?”

“ఆయ్, చూసేనండి.”

“అయితే బాగున్నట్టే. పెట్టుకో మరి.”

తాను తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా జరిగి, పెరట్లో పీచు పొట్టు బస్తా దులపమన్నారు. మాస్కు పెట్టుకుని నవ్వుతూ దులిపాను. తర్వాత తడి తెల్లగుడ్డ ఇచ్చి ముక్కు తుడుచుకోమన్నారు. గుడ్డకు ఎర్రమట్టి పూసినట్టయింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్లనీళ్లు తిరిగాయి.

ఆయన నా వీపు నిమిరారు. “నీకిది ఒక్క నిమిషమేనే అమ్మాయ్. అక్క పొద్దస్తమానం ఇదే పీల్చింది. నీ మొసలి కథకి ఎవరికీ దగ్గు రాలేదు. ఈ కథకి వచ్చింది.”

రాసింది చెరపనివ్వలేదు. దాని పక్కనే ‘చూడలేదు’ అని నా చేతే రాయించి, యజమాని ముందు నిలబెట్టారు. మర్నాడే అక్కకు కొత్త మాస్కు వచ్చింది. దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. “ఏం చెల్లెమ్మా, ఈవేళ నా మాస్కు బాగుందా?” అని ఆటపట్టించేది. ఆ నవ్వు సగంలోనే దగ్గయిపోయేది.

ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాస్తాను. మొసలి కథ చెబుతూనే తూకం వేస్తాను. రాని బిడ్డ గడి ఖాళీగా ఉంచుతాను. పోయిన నెల అంకె వేసేస్తే పోయేది కదా అని పైవాళ్లు విసుక్కుంటారు.

“చూడలేదండి” అంటాను. ఇంటికొస్తే గోడ అవతల అక్క దగ్గు ఇప్పటికీ వినిపిస్తుంది.