ఎండని ట్యాంకు చూడ్డానికి ఉద్దానం వెళ్ళాను

ముందే ఒప్పుకుంటాను, నేను ఉన్నదాన్ని పదింతలు చేసి రాసేవాణ్ణి. ఇది చదివి ఎవరైనా ఆ దారిన వెళ్ళేటట్టయితే నా అంకెలన్నిటినీ పదితో భాగించుకోండి. కోపాన్ని మాత్రం భాగించొద్దు. అది ఉన్నంతే రాశాను.

శ్రీకాకుళంలో నాకు పైపులు, మోటార్ల కొట్టు ఉంది. మా చెల్లెలు పార్వతి అత్తవారిది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డునున్న ఊరు. ఆమె భర్త లోకనాథం ఆ ఊరి మంచినీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు వేసే మనిషి. పార్వతికి కిడ్నీలు పాడవుతున్నాయని రెండేళ్ళ కింద తేలింది. బోరు నీళ్ళు ముట్టొద్దు, శుద్ధిచేసి పైపులో పంపే నీళ్ళే తాగమన్నాడు డాక్టరు. అవే తాగుతోంది. అయినా పరీక్ష చేయించిన ప్రతిసారీ కాగితం మీద అంకె పైకే పోతోంది.

పోయిన ఆదివారం లోకనాథం ఫోను చేశాడు. "బావా, పైనుంచి పైపుల మంచినీళ్ళు రాక నాల్రోజులైంది. సుట్టుపక్కల టాంకీలన్నీ ఎండిపోనాయి. మన టాంకీ మాత్రం నిండుగుంది! గురువారం దానికి పూజ సేత్తన్నారు. నువ్వు రావాల."

పైనుంచి చుక్క రాని ట్యాంకు నిండుగా ఉందంటే పైపులమ్మేవాడికి భక్తి కలగదు, అనుమానం కలుగుతుంది. బుధవారం పొద్దున కొట్లోంచి ఒక నాన్ రిటర్న్ వాల్వు తీసి సంచిలో వేసుకున్నాను. నీటిని ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వని ఇత్తడి వస్తువు అది. లోపల ఒక చిన్న తలుపు, అంతే దాని విద్య.

ఆరూ ఇరవైకి బస్సు. ముగ్గురి సీటులో తొమ్మండుగురం కూర్చున్నాం. నిమ్మాడ దగ్గర ఎక్కినాయన వంకాయల గంప నా ఒళ్ళో పెట్టి, నన్నే "సర్దుకో" అన్నాడు. ఎనిమిదికి టెక్కలి. బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఇడ్లీ బాగుంటుంది, చట్నీకి మాత్రం ప్రాధేయపడాలి.

ఎనిమిదిన్నరకు పలాస బస్సెక్కాను. పక్కనాయన పైపు ఫిట్టరు, ఏదో మంచు దేశంలో పనిచేసి సెలవుకొచ్చాడట. నా సంచిలోకి తొంగిచూసి, "ఏటి బాబూ, బాంబేటి?" అన్నాడు. సంగతి చెప్పాను.

"మాకాడ రోడ్ల కింద గొట్టాలేసి ఏడినీళ్ళు తిప్పుతారు, మంచు కరగడానికి. ఒకటే మోటారు, ఒకటే సుట్టు అయితే వాల్వు నేకపోయినా నడుస్తాది. రెండు మోటార్లు ఒకే గొట్టంలోకి తోస్తన్నాయనుకో, ఉండాల్సిందే. నేదంటే ఒకదాని నీళ్ళు రెండోదాని ఇంట్లోకి ఎల్లిపోతాయి."

ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో కారు జారకుండా వెళ్ళడానికి అక్కడ వాల్వు బిగిస్తారు. మా పార్వతి గొంతులోకి పోయే నీటికి ఎవరు బిగించారు?

తొమ్మిదిన్నరకు పలాస. జీడిపిక్కలు కాల్చే వాసన బస్సు తలుపు తెరవకముందే లోపలికొచ్చి టికెట్టు తీసుకుంది. అక్కణ్ణుంచి షేరాటో. ముందు సీటు వద్దు, డ్రైవరు మోచెయ్యి మీ పక్కటెముకల్ని లెక్కపెడుతుంది. జీడితోటలు, కొబ్బరితోటలు దాటి పదకొండుకు ఊళ్ళో దిగాను.

ట్యాంకు మెడలో తాటికాయలంతేసి బంతిపూల దండ. స్తంభాలకు పసుపు, కుంకుమ. కింద బోరు మోటారు నడుస్తోంది, పైనుంచి నీళ్ళు పొంగి కారుతున్నాయి. జనం దండం పెట్టుకుని వెళుతున్నారు.

ఆ ఊళ్ళో ఏర్పాటు ఇది. పొద్దున ట్యాంకు నుంచి తాగే నీళ్ళు. తర్వాత అవే కుళాయిలకు బోరు నుంచి వాడుక నీళ్ళు. రెండూ కలిసేచోట, బోరు నీళ్ళు ట్యాంకులోకి ఎక్కకుండా ఒక వాల్వు. నేను పైకెక్కి ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాను. ఉప్పన, ఒట్టి బోరు నీళ్ళే. ఊసేసి దిగి వాల్వు విప్పించాను. లోపల తలుపు లేదు, ఖాళీ డొల్ల.

"తలుపేదీ?" అన్నాను.

"సివరి ఈది కుళాయిలకి సన్నంగా వొత్తన్నాయని రోజూ నన్ను తిట్టీవోరు బావా," అన్నాడు లోకనాథం. "టౌన్ల ఎవరో మోటార్లు తెలిసినాయన ఫోన్ల సెప్పినాడు, తలుపు తీసీమని. నిరుడు తీసీసినాను. నీళ్ళు దూసుకొచ్చీసినాయి."

ఆ ఎవరోని నేను తిట్టిన తిట్లకు కొబ్బరిచెట్లు రెండు ఎండిపోయాయి. గొట్టం కళ్ళతో చూడకుండా సలహా ఇచ్చేవాణ్ణి ఆ గొట్టంలోనే కుక్కాలన్నాను. ఈ జబ్బు ఎందుకొస్తోందో చదువుకున్నవాళ్ళే ఇంకా తేల్చలేదు. కానీ తాగొద్దన్న నీళ్ళను, తాగమన్న నీళ్ళలో కలిపి, వాటి పేరుతోనే ఏడాదిగా పోశారు కదా!

కొత్త వాల్వు బిగించి, ట్యాంకులో ఉన్నదంతా వదిలేశాం. ఒక ముసలామె నెత్తి బాదుకుంది. "ఏటి బాబూ, గంగమ్మని నేలపాలు సేత్తన్నావు! నీ సొమ్మేటి పోనాది?"

పార్వతి ఇంట్లో పప్పు, ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు. తను వడ్డిస్తూ నెమ్మదిగా అడిగింది. "పెళ్ళిళ్ళకెల్లినా నా సీసా నేను అట్టుకెల్లీదాన్ని కదన్నా. ఆ సీసాలో ఉన్నదీ బోరు నీళ్ళేనా?"

నోట్లో ముద్ద ఎంతసేపు నమిలానో ఇక్కడ పెంచి రాయను.

గురువారం పొద్దున ఆరింటికి పంతులుగారొచ్చేసరికి ట్యాంకు ఎండిపోయి ఉంది. ఖాళీ బిందెలతో ఊరంతా నిలబడింది. "మీ అన్నొచ్చి మన టాంకీని సంపీసినాడే పార్వతీ!" అని ఒకామె అరిచింది. "బోరు ఎయ్యండి, ఆ తలుపు పీకీయండి" అని ఇంకో నలుగురు వాల్వు మీదికి వచ్చారు.

పార్వతి తన బిందె బోర్లించి, ఆ వాల్వు పక్కనే పెట్టి, దానిమీద కూర్చుంది. "ఎవులు పీకుతారో రండి. నా ఒంట్ల ఏటుందో కాయితం సూపిత్తాను, మీ ఇళ్ళల్లో కాయితాలు కూడా అట్టుకురండి."

ఎవరూ రాలేదు. ఆ ఊళ్ళో కాగితం లేని ఇల్లు వెతకాలి. కాసేపటికి నిన్న నెత్తి బాదుకున్న ముసలామె కూడా బిందె బోర్లించి పక్కన కూర్చుంది. లోకనాథం బండికి క్యాన్లు కట్టుకుని, నీళ్ళు దొరికే ఊరు వెతుక్కుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం పూండి స్టేషనులో పాసింజరెక్కాను. గంట ఆలస్యమే, నేను మాత్రం పది గంటలంటాను. ఆ తోటల నీడకోసం, ఆ గాలికోసం ఎవరైనా వెళ్ళొచ్చు. వెళితే ఏ ఇంట్లోనైనా నీళ్ళిచ్చినప్పుడు ఎక్కడివని అడగండి. వాళ్ళు నొచ్చుకోరు, వాళ్ళూ నిజంగా తెలుసుకోవాలనే చూస్తున్నారు.

ఇక నేను కల్పించినది. తొమ్మండుగురూ, తాటికాయలంతేసి బంతిపూలూ పెంచినవే గానీ కల్పించినవి కావు. కల్పించింది ఆ "ఎవరో" ఒక్కణ్ణే. వాల్వు విప్పినప్పుడు లోకనాథం ఆ మాట అనలేదు. నా మొహంలోకి చూసి, "నువ్వే సెప్పినావు కద బావా" అన్నాడు.