మౌనంగా దంచిన శెనక్కాయల పొడి

బాగేపల్లి బస్టాండు వెనక సందులో అక్కయమ్మది శెనక్కాయల పొడి వ్యాపారం. వేయించడం ఆమె పని, రోట్లో దంచడం పక్కింటి జయలక్ష్మమ్మ పని, మాట్లాడడం ఇద్దరి పనీ. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. హైదరాబాదు దారిన పోయే డ్రైవర్లు ఆగి మరీ పొట్లాలు కట్టించుకుంటారు. అక్కయమ్మకు ఒకటే పట్టింపు, చెప్పిన మాట జరిగి తీరాలి. శుక్రవారం ఇస్తానని ఒక డ్రైవరుకు చెప్పినందుకు జ్వరంతో లేచి పొయ్యి వెలిగించిన మనిషి.

అలాంటి మనిషికి అక్క కూతురు మంజుశ్రీ బెంగళూరు నుంచి పెద్ద ఆర్డరు తెచ్చింది. సోమవారానికల్లా రెండొందల డబ్బాలు. నచ్చితే ఆ అంగడివాళ్ళు నెలనెలా తీసుకుంటారు. అదే జరిగితే పొయ్యి పైకప్పు మీది చిల్లుల రేకు మార్చి, వానాకాలమంతా వేయించుకోవచ్చు. అక్కయమ్మ ఆశంతా ఆ రేకు మీదే.

మంజుశ్రీ ఉద్యోగమే సరుకుల మీద నాలుగు ముక్కలు రాయడం. ఇంగ్లీషులో తను రాసి, అప్పటికే డబ్బాలన్నిటికీ అంటించిన లేబుల్‌ను తెలుగులో చదివి వినిపించింది. తరతరాల చేతులు మౌన ధ్యానంలో దంచిన వేరుశెనగ అనుభూతి అట. ఇందులో పొడి యాడుండాదని అక్కయమ్మ అడిగింది. బెంగళూరులో పొడి అంటే బేరమాడతారు, అనుభూతి అంటే అడిగినంత ఇస్తారని ఆ పిల్ల నవ్వింది. పాపం, దాని తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో మంచినీళ్ళ సీసాకు కూడా ఒక పురాణం ఉంటుంది.

మంజుశ్రీ బస్సెక్కగానే అక్కయమ్మ జయలక్ష్మమ్మను పిలిచి, పని అయ్యేదాకా నోరు తెరవకూడదని చెప్పింది. అచ్చులో పడ్డాక అది మాట ఇచ్చినట్టే కదా! జయలక్ష్మమ్మ ఆమెను ఎగాదిగా చూసి, కొంగు నడుముకు దోపుకుని రోకలి అందుకుంది.

రెండు రోజులు ఆ ఇంట్లో రోకలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరికి జబ్బు చేసిందోనని సందులోవాళ్ళు వచ్చి తొంగి చూశారు. జయలక్ష్మమ్మ ఏదో చెప్పబోయినట్టు మాటిమాటికీ నోరు తెరిచి మూసుకునేది.

ఆదివారం మంజుశ్రీ వచ్చి చిటికెడు పొడి నోట్లో వేసుకుని, పరుగున వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగింది. ఒకటే ఉప్పు! ఎప్పుడూ ప్రతి వాయికీ అక్కయమ్మ "ఉప్పేసినావా జయమ్మా" అని అడిగేది. ఈసారి అడగలేదు. తనో పిడికెడు వేసింది, జయలక్ష్మమ్మ కూడా ఒక పిడికెడు వేసింది.

"నువ్వు రాసినట్టే చేసినాం కదమ్మా" అంది అక్కయమ్మ దిగులుగా.

"అయ్యో చిన్నమ్మా, అదంతా ఎవరు చూస్తారు?"

"ఎవురూ చూడకపోతే రాసేదెందుకు?"

మంజుశ్రీకి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కొంగు దోపి రోటి దగ్గర కూర్చుంది. ఉప్పు లేకుండా మళ్ళీ అంత పొడీ దంచి కలిపితే సరిపోతుందని జయలక్ష్మమ్మ చెప్పింది. చెప్పి, నోరెటూ తెరిచింది గనుక అసలు సంగతీ బయటపెట్టింది. మనవరాలు చైత్రకు చిక్కబళ్ళాపురలో సర్కారు ఉద్యోగం వచ్చి రెండు రోజులైంది. అంత సంతోషాన్ని కడుపులో దాచుకుని రెండు రోజులు దంచిందా ఈ మనిషి అని అక్కయమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

సాయంత్రానికి పొడి కుదిరింది. పాత లేబుళ్ళు పీకేసి, అక్కయమ్మ చెప్పింది చెప్పినట్టే మంజుశ్రీ కొత్తవి రాసింది: "శెనక్కాయల పొడి. అక్కయమ్మ, జయలక్ష్మమ్మ మాట్లాడుకుంటూ దంచినది. ఉప్పు అడిగి వేసినాం." అంగడివాళ్ళు చదివి నవ్వుకుని, రుచి చూసి, నెలనెలా పంపమన్నారు. కొత్త రేకు పడింది.

ఆ రేకు కిందనే, ఏదో నీళ్ళ బిందె దగ్గర మాటామాటా పెరిగి ఇద్దరూ పలకరించుకోవడం మానేశారు. మూడో రోజు ఆర్డరు వచ్చింది. అక్కయమ్మ కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఒక డబ్బా చేత పట్టుకుని పక్కింటి గడపలో నిలబడింది.

"రా జయమ్మా, మాట్లాడల్ల. దీనిమీద రాసిపెట్టినాం."