బోణీకి పోయిన ప్లగ్గు

ఆ రోజుల్లో ముందుచూపంటే నాదేనని నా నమ్మకం. ప్రొద్దుటూరులో మా మోటారు సామాన్ల అంగట్లో, గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఏది ఎప్పుడు చెడుతుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పెళ్లయిన కొత్తలో మా ఆవిడను మైలవరం జలాశయంలో షికారు తిప్పాలని పాత మోటారు పడవ ఒకటి బేరమాడి కొన్నాను. (రంగు వెలిసిందని ఒకసారి, చేపల వాసనని ఒకసారి ధర తగ్గించాను. ఇంజను సంగతి అడగడం మరిచాను.) పులివెందులలో బట్టల కొట్టు నడిపే, పిల్లనిచ్చిన మా మామ మాత్రం మెలిక పెట్టాడు: "ముందు నన్ను తిప్పుకొని రాప్పా. నడిమధ్యలో నిలబడకపోతేనే మా పాప ఎక్కేది."

దాంతో నెల ముందునుంచే సిద్ధమయ్యాను. ఆయిలు మార్చాను, పెట్రోలు గొట్టం మార్చాను, అవసరానికి ఉంటుందని కొత్త స్పార్కు ప్లగ్గొకటి పడవ సామాన్ల పెట్టెలో సర్ది అంగట్లోనే ఉంచాను. బయలుదేరే రోజు పొద్దున తలుపు తీసీ తీయగానే రాజుపాలెం రైతొకాయన వచ్చాడు. మందు కొట్టే మిషనుకు ప్లగ్గు కావాలట. అరలో ఆ రకం అయిపోయింది. బోణీ బేరాన్ని లేదని పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందేనని మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. నా చెయ్యి దానంతటదే పడవ పెట్టెలోకి పోయింది.

మామను ఎక్కించుకుని నీళ్ల మధ్యకు పోయాక ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగింది. ప్లగ్గు తీస్తే మసిబొగ్గు. తుడిచి బిగించినా పలకలేదు.

"ఇంకో ప్లగ్గు పెట్టుకున్నా అంటివే, యాడ?" అన్నాడు మామ.

"పొద్దున అమ్మేసినా మామా."

"అమ్మేసినావా!"

"బోణీ మామా..."

తిట్లకు సిద్ధపడి తల వంచాను.

"బోణీ అంటే ఇంగేం జేస్తావులే," అన్నాడు మామ (ఆయనా అంగడి మనిషే కదా). "నేనైనా అమ్మేసేవాణ్ణే. అందుకే చెప్తాండా, మన మాదిరోళ్లను నమ్మి పాపను నీళ్లమీదికి పంపేది లేదు. ఆ తెడ్డు ఇట్లియ్యి."

తెడ్డేసుకుంటూ వచ్చేసరికి గట్టున మా ఆవిడ నవ్వాపుకుంటూ నిలబడి ఉంది. మామ తీర్పు విని, పడవను గుంజకు కట్టించి, తానే ఎక్కి కూర్చుంది. "కట్టేసిన పడవే గదా నాయినా. ఇదింక యాడ నిలబడిపోతాది?" అంటూ బొరుగుల పొట్లం విప్పింది.

సాయంత్రం దాకా అందులోనే కూర్చున్నాం. నేనేమో ముఖం ముడుచుకుని ఇంజన్నే చూస్తూ ఉన్నాను. తర్వాత మామ మెత్తబడ్డాడు, ఆ పడవ ఎన్నో షికార్లు తిప్పింది, ఎక్కడా ఆగలేదు. అయినా నాకు గుర్తున్నది ఆ కదలని షికారే. పక్కన ఆమె ఉండగా చచ్చిన ఇంజన్ను చూస్తూ కూర్చున్న ఆ కుర్రవాడి భుజం తట్టి, "యాడ జూస్తాండావప్పా, ఇట్ల తిరుగు" అనాలనిపిస్తుంది.