ఏడు తేదీలు

కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ల సంగతి చూసే ఆయన్ని డాక్టర్ల దగ్గర్నుంచి వరండాలు ఊడ్చేవాళ్ళ దాకా అందరూ టైపు మాస్టారనే పిలిచేవారు. ఒకప్పుడు బస్టాండు వెనక మేడమీద ఆయనకి టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు ఉండేది. పద్దెనిమిది మిషన్లు, గోడకి పెద్ద గడియారం, అక్షరాలు చూస్తూ కొట్టేవాళ్ళ చేతుల మీద కప్పడానికో అట్టముక్క. నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయి మిషన్లు పాత ఇనుము కొట్టుకి వెళ్ళాక, ఆసుపత్రిలో రోగుల వివరాలు ఎక్కించే పనికి చేరారు. ఎక్కిస్తూ ఎక్కిస్తూ ప్రోగ్రాములు రాయడం కూడా పట్టుకున్నారు. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. ఆ మాట ఆయన కొంచెం ఎక్కువసార్లే చెప్పేవారు.

ఊరికి అవతలి వైపున ఆసుపత్రి రెండో శాఖ తెరిచే నాటికి ఆయనకి యాభై రెండేళ్ళు. పెద్దాసుపత్రి మిషన్లో ఉన్న అపాయింట్‌మెంట్లు అక్కడి కౌంటరులోనూ కనబడాలి. అక్కడ మారిస్తే ఇక్కడా మారాలి. ఒకే మిషన్ మీద నడిచే ప్రోగ్రాములు రాయడమే తప్ప, సగం ఇక్కడా సగం అక్కడా ఉండి వైరు మీద మాట్లాడుకునేవి ఆయన ఎప్పుడూ రాయలేదు. సూపరింటెండెంటు గారు ఆరు వారాల క్లాసుకి పంపారు.

క్లాసులో అందరికంటే పెద్దాయన ఈయనే. పాఠం చెప్పే కుర్రాడికి పాతికేళ్ళు దాటి ఉండవు. ఆబ్జెక్టు అంటే ఒక మూట అనుకోండి, అన్నాడు అతను. ఒక రోగి అపాయింట్‌మెంటు ఉందనుకుంటే దాని వివరాలూ, దాని మీద చేయగలిగే పనులూ అన్నీ కలిపి కట్టిన మూట. అది ఒక మిషన్లో ఉంటుంది, పని ఇంకో మిషన్ నుంచి చేయించుకోవాలి. మొదటిరోజే మాస్టారు చెయ్యెత్తి, అక్కడున్నదాన్ని ఇక్కణ్ణుంచి ఎలా పట్టుకుంటాం అని అడిగారు. అది మూడో వారం పాఠం సార్, ముందు మొదటివారం అందుకోండి, అన్నాడు ఆ కుర్రాడు. వెటకారంగా ఏమీ అనలేదు. కాని వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తన ఇన్‌స్టిట్యూటులో తను ఎన్ని చేతుల మీద అట్టముక్క వేశారో, వేసి ఎలాంటి మాటలన్నారో గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ చెయ్యెత్తలేదు.

మూడో వారం ఆ పాఠం రానే వచ్చింది. అసలు, నకలు అని బోర్డు మీద రెండు డబ్బాలు గీసి కుర్రాడు చాలాసేపే చెప్పాడు. మాస్టారికి సగంలో దారి తప్పింది. పాఠం అయ్యాక అతను ప్రత్యేకంగా ఈయన వైపు తిరిగి, అర్థమైందా సార్ అని అడిగాడు.

"ఆ ముక్క నాకు ఎప్పుడో తెలుసు" అన్నారు మాస్టారు.

ప్రోగ్రాము రాశారు. రెండు భాగాలూ తన బల్ల మీది మిషన్లోనే, ఒకే ప్రోగ్రాముగా కలిపి పరీక్షించుకున్నారు. చక్కగా నడిచింది. రెండో శాఖలో పెట్టారు. అక్కడ కొత్త అపాయింట్‌మెంట్లు పడ్డాయి, పెద్దాసుపత్రిలో కనబడ్డాయి. అందరూ మెచ్చుకున్నారు.

రెండో శాఖ కౌంటరులో కూర్చునేది కౌంటరక్క. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా అదే ఆసుపత్రి. రోగి గుమ్మంలో ఉండగానే, ఏ కంటికి ఆపరేషన్ జరిగిందో చెప్పగలిగే మనిషి. ఆవిడ కౌంటరులో నాలుగు నెలల్లో ఏడుసార్లు ఒకే గొడవ జరిగింది. అక్కడికి తేదీ మార్పించుకోవడానికి వచ్చే రోగులు తక్కువే. వచ్చినవాడు మార్పించుకుని వెళ్ళేవాడు. మార్చిన తేదీకి పెద్దాసుపత్రికి వెళితే జాబితాలో పేరు ఉండేది కాదు. ఏడోవాడు ఆపరేషన్ కోసం పరగడుపున వచ్చిన ముసలాయన. ఆయన్ని వెనక్కి పంపేశారు, మళ్ళీ తేదీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆయన కొడుకు వచ్చి అరిచి వెళ్ళాక సూపరింటెండెంటు గారు అందర్నీ కూర్చోబెట్టారు.

తేదీ మార్చాననీ, మారినట్టు తెర మీద కళ్ళారా చూశాననీ కౌంటరక్క చెప్పింది. ప్రోగ్రాములో ఏమైనా తేడా ఉందా అని సూపరింటెండెంటు గారు మాస్టారిని అడిగారు.

"ప్రోగ్రాముకి మతిమరుపు ఉండదండీ" అన్నారాయన.

ఇద్దరు డాక్టర్లు నవ్వారు. తర్వాతి వారం కౌంటరక్కని పెద్దాసుపత్రి నేలమాళిగలో పాత ఫైళ్ళ గదికి మార్చారు.

నెల తిరక్కుండానే మూడో శాఖ తెరిచే పని పడింది. మాస్టారు అక్కడి కొత్త మిషన్లో తన ప్రోగ్రాము వేసి, ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించి, తేదీ మార్చి చూశారు. తెర మీద మారింది. ఫోన్ చేసి పెద్దాసుపత్రిలో అడిగితే పాత తేదీయే ఉందన్నారు. తెర మూసి మళ్ళీ తెరిచారు. ఇక్కడా పాత తేదీయే. ఇంకోసారి మార్చారు, ఇంకోసారి. ఈసారి నొక్కుతున్నది తన వేలు.

క్లాసులో రాసుకున్న పుస్తకం తీసి, మూడో వారం పేజీల దగ్గర కూర్చున్నారు. అక్కడ రెండు డబ్బాలు గీసి ఉన్నాయి, పక్కన ఏమీ రాసి లేదు. మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. కొత్త అపాయింట్‌మెంటు అయితే పెద్దాసుపత్రిలోనే తయారయ్యేది, అందుకని దానికి ఏ ఇబ్బందీ లేదు. ఉన్నదాని తేదీ మార్చాలంటే మాత్రం అది వైరు మీద నకలుగా వచ్చి కూర్చునేది, మార్పు ఆ నకలు మీదే పడి అసలుకి చేరేది కాదు. ఒకే మిషన్లో పరీక్షించినప్పుడు నకలు తయారవాల్సిన అవసరమే రాలేదు గనక బయటపడలేదు. రెండు గంటల్లో సరిచేశారు. సరిచేసి ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నారు. మర్నాడు సూపరింటెండెంటు గారు ఊళ్ళో లేరు, ఆ తర్వాతి రోజు ఉన్నారు కాని తీరిగ్గా లేరు. అలా పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులూ ఆయన క్యాంటీన్‌కి నేలమాళిగ మెట్ల పక్కనుంచి కాక, చుట్టూ తిరిగి వెళ్ళారు.

పదకొండో రోజు ఒక పాత ఫైలు కావలసి వచ్చింది. పంపడానికి ఎవరూ లేక తనే దిగారు. కౌంటరక్క బల్ల నిండా చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. ఫలానా ఫైలు ఫలానా రాక్‌లో పెట్టాను, పదింబావు. తలుపు తాళం వేశాను, ఐదూ పది. మందు వేసుకున్నాను. ఏదో ఒకటి అనాలి గనక, ఏమిటమ్మా ఇదంతా, ఆఫీసుకే ఆఫీసు పెట్టారు, అన్నారు మాస్టారు.

ఆవిడ ఫైలు వెతుకుతూనే చెప్పింది. వాళ్ళమ్మకి యాభై ఐదో ఏట ఇలాగే మొదలైందట. ముందు చేసిన పని చేయలేదనుకోవడం, తర్వాత చేయని పని చేశాననుకోవడం, చివరికి కూతుర్నే ఎవరమ్మా నువ్వు అనడం. ఆ మీటింగు అయ్యాక ఇంట్లో చెబితే, వాళ్ళమ్మాయి భయపడి అన్నీ రాసుకోమందట. డాక్టరుకి చూపిస్తున్నారు. ఇంకా ఏమీ తేల్చలేదు.

"చేశానని ఒట్టేసి చెప్పగలను మాస్టారూ. కాని మా అమ్మా అలాగే ఒట్టేసేది" అంది ఫైలు చేతికిస్తూ.

ఆయన ఫైలు పట్టుకుని మెట్లెక్కేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్యకి చెప్పారు. ఆవిడ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి కింద పెట్టి, పెళ్ళయిన కొత్తలో దారి తెలియకపోయినా ఎవర్నీ అడగకుండా ఆయన తనను మూడు వీధులు తిప్పిన సంగతి ఎత్తింది. ఆ రోజు చెప్పులు అరిగాయి గాని ఎవరి కొంపా మునగలేదు, అంది. మళ్ళీ కత్తి అందుకుంది.

మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన అంతా విని, బాగు చేశారుగా, ఇప్పుడు దాన్ని కెలకడమెందుకు, ఆవిడా అక్కడ అలవాటు పడింది, అన్నారు. మాస్టారికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికే సిగ్గేసింది. గదిలోంచి వచ్చి తిన్నగా నేలమాళిగకి దిగారు.

చిన్న పొరపాటు జరిగింది, అని మొదలెట్టారు. ఎవరి వల్ల, అని అడిగింది కౌంటరక్క. నా వల్లే, అన్నారు. ఆవిడ కుర్చీ చూపించింది. ఆయన చెప్పుకుపోయారు. ఆబ్జెక్టులన్నారు, వైరన్నారు. క్లాసులో కుర్రాడు అన్న మాటలే అన్నారు. ఆవిడ తల ఊపలేదు.

"నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పారు. మళ్ళీ తెలియలేదంది. నేను నొక్కిన తేదీ ఎక్కడికి పోయింది, అది చెప్పండి ముందు, అంది. తెర మీద నాకెందుకు కనబడింది? కొత్తవి పడ్డప్పుడు ఇవెందుకు పడలేదు? ఆ రోజు బెంచీలో కూర్చుని తను అడగాల్సినవన్నీ ఈవిడ వరసబెట్టి అడుగుతోంది. మూడోసారి మాస్టారు లేచి, రాక్‌లోంచి ఒక ఫైలు లాగి, ఒక కాగితం చూపించారు. ఇది ఇక్కడే ఉందనుకోండి. రెండో శాఖలో మీరు అడిగితే, మాట మోసే మనిషిని ఒకణ్ణి అక్కడ కూర్చోబెట్టి, మీరు ఏం చెప్పినా ఈ కాగితం మీద దిద్దించాలి. నేనలా చేయలేదు, అన్నారు.

ఆవిడ ఆ కాగితం అందుకుని చూసింది.

"అంటే నాకు జిరాక్స్ పంపారు. నేను జిరాక్స్ మీద దిద్దాను. కళ్ళారా చూసుకున్నాను. ఇది మాత్రం రాక్‌లో ఇలాగే ఉంది."

"అంతే."

"అది జిరాక్సని నాకెవరు చెప్పాలి?"

"నేనే. నాకు తెలియదమ్మా. తెలుసన్నాను గాని, తెలియదు."

ఏడూనా, అని అడిగింది. ఏడూ, అన్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నారు. కాదు. చేతులు తీశాక మొహం పొడిగానే ఉంది. ఈ మాట మా అమ్మాయికి మీరే చెప్పాలి, నేను చెబితే ఇది కూడా కల్పించుకున్నాననుకుంటుంది, అంది.

సాయంత్రం ఆరింటికి వెళ్ళారు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కూతురు స్కూల్లో సైన్సు టీచరు, దిద్దాల్సిన నోటు పుస్తకాలు పక్కకి జరిపి చోటిచ్చింది. ఈసారి ఆయన కాగితం ఉదాహరణతోనే మొదలెట్టారు. ఆ అమ్మాయికి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. విని, చేతిలోని ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"ఎప్పుడు తెలిసిందండీ మీకు?"

నిన్ననే, అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎవరు కనిపెడతారు? కౌంటరక్క వంటగది గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది.

"పన్నెండు రోజులైంది" అన్నారు.

ఆ అమ్మాయి గోడమీది క్యాలెండరు చూసింది. "పోయిన గురువారం అమ్మకి స్కానింగ్ తీయించాను. లోపలికి పంపేటప్పుడు నా చెయ్యి వదల్లేదు. ఆ పొద్దుటికే మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. కౌంటరక్క వచ్చి గ్లాసు ఆయన ముందు పెట్టింది. మీటింగులో ఉన్నవాళ్ళందరి ముందూ చెప్పగలరా, అని అడిగింది. సూపరింటెండెంటు గారు వద్దన్నారని చెప్పబోయి, ఆ మాట మింగేసి, రేపు పదింటికి డాక్టర్లంతా ఉంటారని చెప్పారు మాస్టారు.

"నేనూ వస్తాను" అంది కౌంటరక్క.

"నేనూ సెలవు పెడతాను" అంది కూతురు.

"రండి" అన్నారు మాస్టారు. గ్లాసు ముట్టుకోవడానికి ఆయనకి చెయ్యి రాలేదు.