ఎవరి సెలవు?

ఆ రోజుల్లో కూర్మన్నపాలెంలోని మా క్వార్టర్ వరండాలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. సంభావ్యత మొదలుపెట్టిన సాయంత్రం, తేలిగ్గా ఉంటుందని నేనే ఒక లెక్క అల్లాను. వారంలో ఏదో ఒక రోజును కళ్లు మూసుకుని ఎంచుకుంటే, అది సెలవు రోజు అయ్యే సంభావ్యత ఎంత? ఏడింట ఒకటి అని ఠక్కున చెబుతారనుకున్నాను.

"ఎవరి సెలవు మేడమ్?" అంది ముందు కూర్చున్న అమ్మాయి. "మా నాన్నకి ఈ వారం గురువారం ఆఫ్."

"మా నాన్నకి మంగళవారం," అంది పక్క పిల్ల.

"మా ఇంట్లో ఆదివారం సెలవేటి మేడమ్! నాన్న నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకుంతాడు. గట్టిగా మాటాడితే తిడతాడు," అన్నాడు వెనక నుంచి ఒకడు.

అందరి నాన్నలూ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్లే. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"క్యాలెండర్లో ఎర్రగా ఉన్నదే సెలవు! నోరు మూసుకుని రాయండి," అని సుద్దముక్క విరిగేలా బోర్డు మీద 'ఆదివారం' అని రాశాను.

అంతలో వంటింట్లోంచి కోడికూర ఘుమఘుమ వరండా దాకా వచ్చింది. మా ఆయనదీ ప్లాంట్ ఉద్యోగమే. ఆఫ్ దొరికిన రోజున గరిటె ఆయన చేతికి వెళ్లిపోయేది.

ముందు కూర్చున్న అమ్మాయి గట్టిగా వాసన పీల్చింది.

"ఏటి మేడమ్, ఇయాల మీ ఇంట్లో ఆదివారమా?"

ఆ రోజు బుధవారం. లోపల మా ఆయన పకపకా నవ్వడం అందరికీ వినిపించింది. నాకూ నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. బోర్డు తుడిచేసి నాణెం లెక్క ఎత్తుకున్నాను. నాణేనికి షిఫ్టులుండవు.