ఆ ఆదివారం సిగ్నల్ ఉంది

"సిగ్నల్ లేదు." ఈ రెండు మాటలూ ఆరేళ్లుగా మోస్తున్నాను. మా కొండల్లో రోజుకి పదిసార్లు అనుకునే మాటే ఇది. ఎందుకు లేదని ఎవరూ అడగరు. అందుకే కదా నేనూ అంత తేలిగ్గా అనేశాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే నాకుంటే మీదాకా వచ్చేవాణ్ణి కాదు.

మాది అరకు నుంచి జీపులో వచ్చి, దిగాక ఇంకా గంట నడవాల్సిన ఊరు. కాఫీ తోట దాటాక ఒక పెద్ద నల్లరాయి ఉంది. సిగ్నల్ బండ అంటాం. అప్పట్లో ఊరి మొత్తానికి ఫోన్ పలికేది అక్కడొక్కచోటే, అదీ ఒక్క కంపెనీ సిమ్ముకే. ఆ సిమ్ము ఉన్న ఫోను నాదొక్కటే. కబురు చెప్పుకునే అవసరం ఎవరికొచ్చినా నా చేతిలో ఏ వీడియో నడుస్తున్నా ఆపి ఫోన్ చెయ్యాలి. ఇది ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు. అయినా ఊళ్లో అందరికీ తెలుసు, అందరికంటే నాకు బాగా తెలుసు.

ఇక మా నేస్తం. నేస్తం అంటే ఉత్త స్నేహితుడు కాదు. మా వైపు పెద్దల ముందు నేస్తం కట్టుకుంటాం. కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. అతని తల్లి నాకూ తల్లే. ఆవిడ పేరు సోములమ్మ. మా ఇద్దరికీ ఒకే గిన్నెలో రాగి అంబలి పోసి, ఎవరు ఎక్కువ తాగారని మేం కొట్టుకుంటే నవ్వేది.

మాకు బాక్సింగు పిచ్చి పట్టింది హాస్టల్లో. డ్రిల్లు మాస్టారు ఒక జత పాత గ్లౌజులు తెచ్చారు. కుడిది నేను, ఎడమది నేస్తం. మా ఇద్దరినీ కలిపి తూచినా ఒక హెవీ వెయిట్ అవ్వం, కానీ మనసంతా హెవీ వెయిట్ మీదే. పెద్దయ్యాక ఏ టైటిల్ ఫైటు వచ్చినా బండ ఎక్కేవాళ్లం. అమెరికాలో రాత్రి జరిగే ఫైటు మనకి పొద్దున్న వస్తుంది.

ఆ ఏడు వచ్చిన ఫైటు కోసం మేం ఎదురుచూసినట్టు పెళ్లి ముహూర్తానికి కూడా ఎదురుచూడలేదు. చాంపియన్ని నేను దున్న అనేవాణ్ణి. ఎదుటివాణ్ణి నేస్తం పొడుగోడు అనేవాడు. కాఫీ పళ్లు కోస్తూ అదే గొడవ. పొడుగోడి ఎడమ చెయ్యి గొప్పదా, దున్న మెడ గొప్పదా. తోటలో ఆడవాళ్లు మా వంక చూసి నెత్తి కొట్టుకునేవారు. నెలల తరబడి నేను బతికింది ఆ మాటల్లోనే. నాకు పెళ్లి కాలేదు, ఇంట్లో ఎవరూ లేరు. అది సాకు కాదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే మంచు. ఊరంతా ప్రార్థనకి పోయింది. అమ్మకి ఒంట్లో బాగోలేదని నేస్తం ఇంట్లోనే ఆగాడు. "నువ్వు పద, ఎనకే వస్తాను" అన్నాడు. నేనొక్కణ్ణే బండెక్కి, ఫోన్‌ని రాయికి ఆనించి కూర్చున్నాను. మూడు గీతలు ఉన్నాయి. అంత మంచి సిగ్నల్ అంతకు ముందెప్పుడూ చూడలేదు.

నేస్తం పెళ్లాం పరుగెత్తుకుంటూ వచ్చింది. "అన్నా, అత్తకి ఊపిరి ఆడతం లేదు. మగోళ్లు ప్రార్థన కాడినుంచి వచ్చి డోలీ కడతన్నారు. అంబులెన్సుకి బేగి ఫోన్ సేసీమన్నారు."

"ఇప్పుడే సేత్తాను, నువ్వెళ్లమ్మా."

ఆమె వెళ్లింది. నేను ఫోన్ చెయ్యలేదు.

ఫోన్ చేస్తే వీడియో ఆగిపోతుంది. మళ్లీ తగులుకోవడం మన చేతిలో ఉండదు. అప్పుడే దున్న బయటికి వస్తున్నాడు. ఈ నడక చూసి చేద్దాం అనుకున్నాను. తర్వాత వాళ్ల దేశాల పాటలు. తర్వాత పేర్లు, బరువులు, బెల్టులు చదవడం. మీకు ఇది అర్థం కావాలి. నేను ఆగింది దెబ్బలు చూడ్డానికి కూడా కాదు. ఇంకా మొదలవని ఫైటు కోసం ఆగాను. అమ్మకి ముందు కూడా ఆయాసం వచ్చేది, తగ్గేది. ఈసారీ తగ్గుతుందిలే అనుకున్నానా? లేక ఏమీ అనుకోలేదా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా, ఆ నిమిషాల్లో నాలో అమ్మ లేదు. అదే నాకు భయం.

రెండో రౌండులోనే పొడుగోడు పడిపోయాడు. నేను గాల్లోకి గుద్దు విసిరి అరిచాను. ఎవరూ పలకలేదు. అప్పుడు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

నేను రోడ్డుకి దిగేసరికి డోలీ అక్కడ ఎప్పుడో దించేశారు. అంబులెన్సు ఇంకా రాలేదు. అమ్మ అప్పటికే లేదు. నేస్తం ఆవిడ కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాడు. తలెత్తి అడిగాడు.

"ఏటైంది నేస్తం? ఫోన్ తగల్లేదా?"

"సిగ్నల్ లేదు, నేస్తం."

అతను నన్ను నమ్మాడు. నమ్మడమే కాదు, నా చెయ్యి పట్టుకుని, "నువ్వేటి సేత్తావులే" అన్నాడు.

అరగంట ముందు ఫోన్ చేసి ఉంటే అమ్మ బతికేదా? నేను డాక్టర్ని కాను. బతికేది కాదేమో. ఆ 'ఏమో' పట్టుకుని చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడది నాకు చాలడం లేదు.

నేస్తం కోపమంతా సిగ్నల్ మీదికి మళ్లింది. టవరు కావాలని అర్జీలు పెట్టడం మొదలెట్టాడు. రాసేది ఎవరు? నేనే. 'సిగ్నల్ లేక మా తల్లి చనిపోయినది' అని నా చేత్తో రాసి, కింద సాక్షిగా సంతకం పెట్టాను. ఒకసారి కాదు. నాలుగేళ్లు, ఆఫీసు ఆఫీసుకీ. అతను ఫైట్లు చూడ్డం మానేశాడు. నేనూ మానేశాను. నేను తనకి తోడుగా మానేశాననుకున్నాడు.

టవరు వచ్చింది. ఊళ్లో దాన్ని సోములమ్మ టవరు అంటారు. నా అబద్ధం కొండ మీద నిలబడింది, దాని కింద జనం హాయిగా ఫోన్లు మాట్లాడుకుంటున్నారు. పోయిన నెల ఒక పురుటి కేసుకి అంబులెన్సు వేళకి వచ్చింది. అందరూ నేస్తానికి దండం పెట్టారు. అతను నన్ను చూపించి, "అర్జీలన్నీ ఈడే రాసినాడు" అన్నాడు. నాకూ దండం పెట్టారు. ఆ రోజంతా ఎవరికీ కనబడకుండా తోటలో కూర్చున్నాను.

మొన్న సంతలో నేస్తం నా భుజం మీద చిన్నగా గుద్దాడు. ఎడమ చేత్తో. ఆరేళ్ల తర్వాత. "వచ్చే ఆదివారం పెద్ద ఫైటు ఉందంట. మా ఇంటికి వచ్చీ నేస్తం. బండెక్కక్కర్లేదు, ఇంట్లోనే నిండా సిగ్నల్." ఇప్పుడు చాంపియన్ ఎవరో కూడా నాకు తెలీదు. అతను అన్నీ తెలుసుకుని ఉన్నాడు. ఎవడి చెయ్యి గొప్పదో, ఎవడి మెడ గొప్పదో చెబుతుంటే అతని మొహం హాస్టల్లో ఉన్నప్పటి మొహం.

వాళ్లింట్లో టీవీ పైనే అమ్మ ఫోటో. ఆదివారం నేను ఆ రెంటి ముందూ కూర్చోవాలి. వెళ్తాను. చెబుతానా? తెలీదు. చెబితే అమ్మ రాదు, ఇతనూ పోతాడు. చెప్పకపోతే పక్కనే కూర్చున్నా నేను ఒంటరిగానే ఉంటాను, ఆ రోజు బండ మీద ఉన్నట్టే. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ దగ్గర లేదు. ఈ కాగితం మీద ఒక్కసారి మాత్రం నిజం రాశాను, అంతవరకు చెయ్యి తేలికైంది.

ఆ రోజు సిగ్నల్ ఉంది నేస్తం. మూడు గీతలు ఉన్నాయి.